దీవి రైలుకు మారు బండ్లు

ఇంగ్లండు దక్షిణతీరమునకు ఎదురుగా, సోలెంట్ అను సన్నని సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున, ఐల్ ఆఫ్ వైట్ అను దీవి కలదు. వైశాల్యములో 400 చదరపు కిలోమీటర్లకు లోపు, జనసంఖ్యలో 1,40,000కు అటు ఇటు. మన లెక్కలో రెండు మూడు మండలములకు మించని ఆ దీవిలో, రైడ్ పట్టణపు రేవు మొదలు శాంక్లిన్ అను తీరపుటూరు వరకు, ఎనిమిది స్టేషన్లతో, 8.5 మైళ్ళ పొడవున ఒక రైలుమార్గము నేటికిని నడుచుచున్నది. 2021 జనవరి 3వ తేదీన ఆ మార్గముపై ఎనభై యేండ్లు పైబడిన బండ్లు చివరిసారిగా నడిచినవి. వాటికి మారుగా రావలసిన బండ్లు మార్చి నెలాఖరుకు సిద్ధమగునని అధికారులు చెప్పిరి గాని, నవంబరు 1వ తేదీ వరకు అవి ప్రయాణికులను ఎక్కించుకొనలేదు. బ్రిటను దేశపు రైలు వ్యవస్థ మొత్తములో ఇది మిక్కిలి చిన్న సంగతియే. అయినను, మహానగరముల నడుమ పరుగెత్తు వేగపు బండ్లను గూర్చియే నిత్యము వినుచున్న మనము, చిన్న మార్గములలో బండ్లు మార్చు పనిని గూర్చి ఆలోచించుట అరుదు కనుక, ఈ దీవి అనుభవమును కొంత వివరముగా పరిశీలించుట అవసరమని నాకు తోచుచున్నది.

నా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. ఆ దీవికి కొత్తగా వచ్చిన బండ్లు నిజమునకు కొత్తవి కావు. లండను నగరము వాడి విడిచినవి. అందులో తప్పేమియు లేదు. చిన్న మార్గమునకు వచ్చు బండి వయస్సు ఎంత అన్నది రెండవ ప్రశ్న. అక్కడి పనివారు తమ షెడ్డులో, తమ చేతులతో దానిని నడుపుకొనగలరా, అది అక్కడి ప్రజలకు కావలసిన వేళకు వచ్చునా అన్నదే మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నకు ఆ దీవిలో సగము మంచి సమాధానము లభించినది; తక్కిన సగము ఇంకను లభింపవలసియున్నది.

ఈ మార్గపు స్వభావము తెలియవలెనన్నచో దాని ఉత్తరపు కొనను చూడవలెను. రైడ్ వద్ద సముద్రము మిక్కిలి లోతు తక్కువ. పోటు తీసినప్పుడు ఇసుకయు బురదయు చాల దూరము బయటపడును. ఓడలు ఒడ్డును చేరలేవు. పూర్వము ప్రయాణికులను కూలీలు వీపులమీద మోసియో, గుఱ్ఱపుబండ్లలోనో ఆ బురద దాటించెడివారు. ఆ కష్టము తొలగించుటకు 1814లో సముద్రములోనికి సాగిన పొడవైన కట్టడపు వంతెన నిర్మించి, తరువాత దానిని సుమారు 680 మీటర్ల వరకు పొడిగించిరి. అట్టి విహారవంతెనలలో నేటికి నిలిచియున్నవానిలో అది ప్రపంచములో అతి ప్రాచీనమైనదని ప్రతీతి. దాని ప్రక్కనే 1880లో రైలుకు వేరొక వంతెన కట్టి, పట్టణము క్రింద ఒక సొరంగము త్రవ్వి, అప్పటికే 1864 నుండి సెయింట్ జాన్స్ రోడ్ స్టేషను మొదలు శాంక్లిన్ వరకు నడుచుచున్న మార్గమును ఓడలు నిలుచు వంతెన చివర వరకు పొడిగించిరి. కావున ఆ మార్గము మొదటి మైలు సముద్రముపైనను నేలక్రిందను సాగును. ఉప్పుగాలి ఇనుమును తినుచుండును. పోటు సమయములందు సొరంగములోనికి నీరు ఊరుచుండును. ఆ ముంపు తగ్గించుటకై సొరంగపు నేలను ఎత్తు చేసినందున పైకప్పుకును పట్టాలకును నడుమ ఎడము తగ్గిపోయి, దేశములోని మామూలు రైలుపెట్టెలు అందులో పట్టకుండ పోయినవి.

విద్యుత్తు వచ్చినది మొదలు దీవికి లండను పాతాళ రైలు బండ్లే ఏల వచ్చినవను ప్రశ్నకు ఇదియే సమాధానము. సంకోచించిన ఆ సొరంగములో పట్టగలిగినవి, లండను నేలక్రింది సొరంగముల కొఱకు పొట్టిగా చేయబడిన పెట్టెలే. దరిద్రము చేతనే పాతబండ్లు తెచ్చుకొనిరని కొందఱు వ్రాయుచుందురు. అది సగము మాత్రమే నిజము. ఆ మార్గము ఆకృతియే ఆ ఎంపికను నిర్ణయించినది.

పాతబండ్లు దీవికి వచ్చుట విద్యుత్తు యుగములో మొదలైన ఆచారము కాదు. పూర్వము దీవిలో ఏబదియైదు మైళ్ళకు పైబడిన రైలుమార్గములు ఉండెడివి. 1923లో చిన్న కంపెనీలన్నియు పెద్ద కంపెనీలలో కలిసిపోయినప్పుడు, వాటిని స్వీకరించిన సదరన్ రైల్వే, లండను శివారు మార్గములలో పనిచేసిన ఓ2 తరగతి ఆవిరి యింజనులను దీవికి తరలించి, వాటికి దీవిలోని ఊళ్ళ పేర్లు పెట్టినది. 1889 మొదలు 1895 వరకు నిర్మింపబడిన ఆ యింజనులు 1966 సంవత్సరాంతము వరకు అక్కడ పనిచేసినవి. వానిలో కాల్‌బోర్న్ అను ఒకటి మాత్రము దీవిలోని ఆవిరిరైలు సంఘమువారి చేతిలో నేటికిని సజీవముగా ఉన్నది. ఇంతలో 1950ల నుండి ఒక్కొక్క మార్గమే మూతబడెను. 1963 నాటి బీచింగ్ నివేదిక దీవిలో మిగిలిన మార్గములన్నిటిని మూసివేయవలెనని సూచించినది. 1966 ఫిబ్రవరిలో కౌస్ మార్గము, ఏప్రిలులో శాంక్లిన్ నుండి వెంట్నర్ వరకు గల కొస పోయినవి. రైడ్ రేవు నుండి శాంక్లిన్ వరకు గల ముక్క మాత్రము, వేసవిలో ఓడ దిగి వచ్చు జనసమూహమును బస్సులు మోయజాలవను ఒకే కారణముచేత బ్రతికి బయటపడినది.

బ్రతికిన ఆ ముక్కకు మూడవ పట్టా వేసి విద్యుత్తు పెట్టి, 1967 మార్చిలో లండను పాతాళ రైలు పెట్టెలను దింపిరి. 1923 మొదలు 1934 వరకు చేయబడిన ఆ పెట్టెలు అప్పటికే ముప్పది, నలువది యేండ్ల సేవ ముగించినవి. దీవిలో మరి ఇరువది యేండ్లకు పైగా నడిచి అవి అలసిపోగా, 1989 జూలైలో వాటి స్థానమునకు 1938వ సంవత్సరపు నమూనా పెట్టెలు వచ్చినవి. అప్పటికి వీటికిని ఏబది యేండ్లు. ఇవి మరి ముప్పదియొక్క సంవత్సరములు నడుచునని ఆనాడు ఎవ్వరు అనుకొనిరో నేనెఱుగను గాని, నడిచినవి. దేశమంతటి రైలు వ్యవస్థలో నిత్యసేవ చేయుచున్న బండ్లలో అన్నిటికంటె పాతవన్న కీర్తి వాటికి దక్కినది.

ఆ కీర్తిని చూచి పర్యాటకులు మురిసిరి. కాని ఆ దీర్ఘాయువు ఎవరి పుణ్యమో ఒక్క క్షణము ఆలోచింపవలెను. రైడ్ సెయింట్ జాన్స్ రోడ్ స్టేషను ప్రక్కన ఒక చిన్న షెడ్డు కలదు. తయారుచేసిన కంపెనీలు ఎన్నడో కనుమరుగైన యంత్రములకు విడిభాగములు బజారులో దొరకవు కదా. అందుచేత, నడువలేని పెట్టెనుండి పనికివచ్చు భాగము ఊడదీసి నడువగల పెట్టెకు అమర్చుచు, అరిగినదానిని తిరిగి పోతపోయించుచు, ఆ షెడ్డులోని మెకానిక్కులు వాటిని నడిపిరి. వచ్చినప్పుడు తొమ్మిది జతలుగా సేవలోనికి దిగిన ఆ బండ్లు, చివరి యేండ్లలో వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియే పనికి మిగిలినవి. ఒక్కొక్క దినము ఒకే జత కదలగలుగుటయు, గంటకొక్క బండియైనను నడుపుట కష్టమగుటయు జరిగినది. పట్టాలు సయితము పాతబడినందున బండి లోపల కూర్చున్నవారు ఎగిరెగిరి పడుచు ప్రయాణము చేయవలసివచ్చెడిది. పాతదనమందలి సౌందర్యమును నేను కాదనను; వంపు తిరిగిన పైకప్పుతో, ఎర్రని రంగుతో, సముద్రముమీద నెమ్మదిగా సాగివచ్చు ఆ బండి చిత్రములను చూచి ముగ్ధులైనవారిలో నేనును ఒకడను. కాని ఉదయము ఆసుపత్రిలో పనికి పోవలసిన నర్సుకు, చక్రముల కుర్చీలో కూర్చొని ఓడ దిగిన వృద్ధునకు, ఆ సౌందర్యము ఒక్కటే చాలదు. బండ్లు మార్చుట అత్యవసరమైన పనియే.

మార్చుటయా, మానుటయా అన్న చర్చ చాలకాలము సాగినది. 2016లో ప్రభుత్వమునకును స్థానిక సభకును సలహా చెప్పుటకు నియుక్తుడైన క్రిస్టఫర్ గార్నెట్, మార్గమును ట్రాము పద్ధతికి మార్చిన బాగుండునని సూచించెను. బస్సులు చాలునని అనినవారును లేకపోలేదు. తుదకు 2019 సెప్టెంబరులో ఒక నిర్ణయము వెలువడినది. 2.6 కోట్ల పౌండ్ల వ్యయముతో, రెండేసి పెట్టెల జతలు అయిదు తెచ్చుటకును, పట్టాలు, ప్లాట్‌ఫారములు బాగుచేయుటకును, ఆ మార్గమును నడుపు సౌత్ వెస్టర్న్ రైల్వే పూనుకొనినది. బండ్లను సమకూర్చు బాధ్యత వివారెయిల్ అను చిన్న కంపెనీకి దక్కినది. లండను డిస్ట్రిక్ట్ మార్గములో 1980 ప్రాంతము నుండి నడిచి 2017 ఏప్రిలులో విరమించిన డీ78 నమూనా పెట్టెలను కొని, వాటికి కొత్త యంత్రాంగము అమర్చి తిరిగి అమ్ముటయే ఆ కంపెనీ వృత్తి.

డిస్ట్రిక్ట్ మార్గమన్నచో మనవారిలో చాలమందికి పరిచయమైనదే. లండను తూర్పుభాగమున ఈస్ట్ హామ్ పరిసరములలో గదులు అద్దెకు తీసుకొని చదువుకొనిన తెలుగు విద్యార్థులు, సాయంకాలపు పనులకు పోవుచు వచ్చుచు, ఆ పెట్టెలలోనే కునికిపాట్లు పడియుందురు. ఆ పెట్టెలే నేడు వైట్ దీవిలో ఇసుకతిన్నెల ప్రక్కన నడుచుచున్నవి. వాటి శరీరము అల్యూమినియముతో చేయబడినది కావున ఉప్పుగాలికి ఇనుమువలె త్రుప్పు పట్టదు. మామూలు రైలుపెట్టెల కంటె పొట్టివి కావున సొరంగములో పట్టినవి. చట్రమును ఆ శరీరమును మాత్రము ఉంచుకొని, మోటార్లు, వాటిని నియంత్రించు విద్యుత్ పరికరములు, ఆసనములు, దీపములు మార్చిరి. చక్రముల కుర్చీకి చోటు కల్పించిరి. ప్లాట్‌ఫారము ఎత్తును బండి నేల ఎత్తుకు సరిపఱచిరి.

ఇక్కడ నేను నిస్సంకోచముగా ఆ నిర్ణయమును సమర్థింతును. అయిదు జతల కొఱకు ఏ పెద్ద కర్మాగారమును ప్రత్యేకముగా కొత్త నమూనా గీసి ఇవ్వదు. ఇచ్చినను దాని వెల ఆ చిన్న మార్గము భరింపజాలదు. నలువది యేండ్ల దృఢమైన పెట్టెను కరగించి పారవేయుట కంటె, దానికి తగిన చోటు వెదకి మరి ఇరువదియేండ్లు నడుపుట ధనమునకును లోహమునకును గౌరవము. అక్క తొడిగిన పట్టుపరికిణీని అంచు విప్పి, కుట్టు సరిచేసి చెల్లెలికి కట్టించునప్పుడు చెల్లెలికి అవమానము జరుగదు. సరిచేయకయే తొడిగించినప్పుడు జరుగును. దీవికి 1967లో వచ్చిన బండ్లను చాలవఱకు ఉన్నవి ఉన్నట్లే దింపిరి. 2021లో వచ్చినవానిని దీవి కొఱకు తీర్చిదిద్దిరి. ఈ భేదమును గుర్తింపక, మరల పాతవే ఇచ్చిరని మాత్రము నొచ్చుకొనుట న్యాయము కాదు.

అయితే తీర్చిదిద్దిన విధానములో పెద్ద లోపము జరిగినది. 2020 నవంబరులో గాని మొదటి జత దీవికి చేరలేదు. రెండు నెలలయినను గడువక మునుపే పాతబండ్లకు సెలవు చెప్పి మార్గమును మూసిరి. పట్టాల పనికి మూసివేత అవసరమే. మూడు నెలల మూసివేతకు దీవి ప్రజలు సిద్ధపడియే ఉండిరి. కాని పట్టాల పని ఒక దారిన సాగుచుండగా, బండ్లను నియంత్రించు సాఫ్ట్‌వేరులో చిక్కులు బయటపడి, పరీక్షలు సాగి సాగి, ఆ మూడు నెలలు పది నెలలైనవి. ఆ వేసవి యంతయు ప్రయాణికులు బస్సులపై పోవలసివచ్చినది. మహమ్మారి కాలము కావున కర్మాగారములలో పనులు మందగించినవన్నది వాస్తవమే. ప్రయాణికులు తక్కువగా ఉండిరన్నదియు వాస్తవమే. అయినను, దేశాంతర యాత్రలు మానుకొని స్వదేశములోనే సముద్రతీరములకు జనము పోయిన వేసవి అది. దీవికి అంతకంటె మంచి ఋతువు దొరకదు.

ప్లాట్‌ఫారముల ఎత్తు మారిన తరువాత పాతబండ్లు తిరిగి వచ్చుటకు వీలు లేదు. అనగా వెనుకకు మరలు దారి లేకుండ చేసికొని ముందడుగు వేసిరన్నమాట. పెద్ద మార్గములలో ఇట్లు జరుగదు. అక్కడ కొత్తబండి కొన్ని నెలలు పాతవాని నడుమ నడిచి, తన దోషములన్నియు బయటపెట్టి, సరిచేయబడిన పిమ్మటనే పాతది తొలగును. చిన్న మార్గమునకు అట్టి అవకాశము తక్కువ. ఒకటే పట్టా, ఒకటే షెడ్డు, నాలుగైదు జతలు. అవకాశము తక్కువ కావుననే అక్కడ జాగ్రత్త ఎక్కువ కావలెను. ఒక్క జతయైనను నిర్ణీత కాలము నిరంతరాయముగా నడిచి చూపిన తరువాతనే మూసివేత తేదీ ప్రకటింపవలెనని ఒప్పందములో వ్రాసికొనియుండినచో, ఈ జాప్యము కర్మాగారపు ప్రాంగణములో జరిగెడిది. దీవి ప్రజల నెత్తిమీద జరిగెడిది కాదు.

బండ్లను గూర్చి ఇంత చర్చ జరిగినను, నా దృష్టిలో ఆ పథకమంతటిలో మిక్కిలి విలువైన పని బండ్లు కావు. బ్రేడింగ్ స్టేషనులో వేసిన లూప్ లైను. ఒంటిపట్టా మార్గములో ఎదురెదురుగా వచ్చు రెండు బండ్లు ఒకదానినొకటి దాటవలెనన్నచో నడుమ ఎక్కడనో రెండవ పట్టా ఉండవలెనని, సింగిల్ లైనుపై క్రాసింగు కొఱకు గంటలు గంటలు నిలిచిన మన ప్రయాణికులకు వేరుగా చెప్పనక్కఱలేదు. బ్రేడింగ్‌లో అట్టి లూపు పూర్వము ఉండెడిది. పొదుపు పేరిట 1988లో దానిని తొలగించిరి. మిగిలిన లూపులు శాండౌన్‌లోను, సెయింట్ జాన్స్ రోడ్ వైపునను ఉన్నందున బండ్ల ఎడములు సమముగా కుదరక, ఇరువది నిమిషములకు ఒకటి, ఆపై నలువది నిమిషములకు ఒకటిగా నడుపవలసివచ్చినది. ఓడలు అరగంటకో గంటకో వచ్చుచుండగా, రైలు ఇరువది, నలువది నిమిషముల ఎడములతో నడిచినచో, ఒక ఓడకు అందిన బండి మరియొక ఓడకు అందదు. పోర్ట్స్‌మత్ నుండి ఇరువదిరెండు నిమిషములలో సముద్రము దాటివచ్చినవాడు, వంతెన చివర గాలిలో దానికంటె ఎక్కువసేపు నిలువవలసిన పరిస్థితి ఏర్పడినది. ఒక మైలైనను లేని పట్టా తీసివేసి మిగుల్చుకొన్న ధనమెంతయో గాని, దానివలన ముప్పది మూడేండ్లపాటు ఆ మార్గమునకు ఓడతోడి పొత్తు చెడినది.

ఆ లూపును తిరిగి వేయుటకు రైలు పథకపు నిధులు చాలక, ప్రాంతీయాభివృద్ధి సంస్థ 10 లక్షల పౌండ్లు, దీవి స్థానిక సభ 3 లక్షల పౌండ్లు ఇచ్చినవి. స్థానిక ప్రజాప్రతినిధులు ఈ పట్టా విలువను గ్రహించి తమ ఖజానా విప్పుట ప్రశంసనీయము. రంగు వేసిన కొత్త పెట్టె ప్రక్కన నిలిచి చిత్రము తీయించుకొనుట ఏ నాయకునకైనను ఇష్టమే. గడ్డి మొలచిన చోట రెండవ పట్టా పఱచుట ఎవని చిత్రములోను పడదు. అయినను అరగంటకొక బండి నడుపు శక్తిని ఆ మార్గమునకు తిరిగి ఇచ్చినది ఆ పట్టాయే.

షెడ్డును గూర్చి ముందు చెప్పితిని. దాని విలువ 2022 డిసెంబరులో మరియొకసారి రుజువైనది. ఆ నెలలో వివారెయిల్ కంపెనీ దివాలా తీసి, దివాలా నిర్వాహకుల వశమైనది. అదే కంపెనీ తీర్చిన డీజిల్ బండ్లు ఇంగ్లండు నడిబొడ్డున బెడ్‌ఫర్డ్ – బ్లెచ్లీ మార్గములో నడుచుచుండెడివి; వాటి మరమ్మతు పని ఆ కంపెనీ మనుష్యుల చేతిలోనే ఉండుటచేత, కంపెనీతోబాటు ఆ బండ్లును నిలిచిపోయి, 2023 నవంబరు వరకు ఆ మార్గములో రైలు నడువలేదు. వైట్ దీవిలో మాత్రము, అదే కంపెనీ చేసిన బండ్లు మరునాడును నడిచినవి. ఆ మరునాడును నడిచినవి. మరమ్మతు విద్య రైడ్ షెడ్డులో, రైలు నడుపువారి జీతగాండ్రైన పనివారి చేతులలో ఉండుటయే దీనికి కారణము. అటుతరువాత గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఆ కంపెనీ పరికరములను, సాంకేతిక హక్కులను కొనినదన్నది వేరు సంగతి. ఒకే కాలమున, ఒకే కంపెనీ బండ్లకు, రెండు చోట్ల రెండు గతులు పట్టినవి. మారు బండ్లు కొనువారు ఎవరైనను, ఏ దేశములోనైనను, ఒప్పందపు కాగితముపై సంతకము చేయకముందు ఈ రెండు మార్గముల కథను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనవలెను.

మనకు ఈ ప్రశ్న అపరిచితమైనది కాదు. కాకినాడ – కోటిపల్లి మార్గమును తలచుకొనుడు. బ్రిటిషువారి కాలములో వేసి, రెండవ ప్రపంచయుద్ధ సమయమున పట్టాలు పెరికి తరలించుకొనిపోయిన ఆ 45 కిలోమీటర్ల మార్గము 2004లో తిరిగి వచ్చినది. గోదావరి పాయల నడుమ దీవివంటి కోనసీమకు రైలు తేవలెనన్న నాటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి సంకల్పములో అది ఒక భాగము. ఆ మార్గముపై ఏండ్ల తరబడి తిరిగినది ఒక్క రైలుబస్సు. అది మరమ్మతుకు పోయిన దినమున మార్గమునకే సెలవు. కోవిడు కాలములో దానిని ఆపిరి. ఒక్క బండిని పంపి, మారు బండి సమకూర్చక, జనము ఎక్కుటలేదని లెక్కలు తీయుట ఎంతవరకు న్యాయము? వేళకు వచ్చునో రాదో తెలియని బండి కొఱకు ఎవ్వడును తన పనిదినమును పణము పెట్టడు. రామేశ్వర యాత్రికులు మరియొక విధమైన అనుభవము పొందిరి. పాంబన్ పాతవంతెన భద్రము కాదని 2022 డిసెంబరులో రైళ్ళను ఆపగా, 2025 ఏప్రిలులో కొత్తవంతెన ప్రారంభమగువరకు మండపము అను ఊరిలో దిగి రోడ్డుదారిన దీవికి చేరవలసివచ్చినది. అక్కడ ప్రాణభయము కలదు కావున ఆపుట తప్పదు; కాని రెండేండ్లకు పైగా యాత్రికుడు మండపములో దిగి తన తిప్పలు తాను పడవలసి వచ్చుటను గూర్చి మనలో ఎంత చర్చ జరిగినది?

వైట్ దీవి పథకమును విమర్శించువారు ఒక గట్టి ప్రశ్న వేయుదురు. రైడ్ నుండి శాండౌన్ మీదుగా శాంక్లిన్, వెంట్నర్ వరకు బస్సులు తఱచుగా నడుచుచుండగా, 8.5 మైళ్ళ రైలుకు ఇంత ధనము పోయుట ఎందులకని. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట తగదు. పన్ను కట్టువాడు అడుగదగిన ప్రశ్నయే. కాని వేసవి శనివారమున నిండు ఓడ వంతెన చివర దింపు వందలాది మనుష్యులను, వారి పెట్టెబేడలను, పిల్లలబండ్లను, ఒక్కసారిగా ఎత్తుకొని పట్టణపు ఇరుకు వీధుల కవతలకు చేర్చగలిగినది రెండు జతలు కలిసిన రైలొక్కటే. బస్సులు వంతెన మొదటికి వచ్చి నిలుచును. చివర వరకు సముద్రముపై పోయి ఓడప్రక్కన నిలుచునది రైలు. 1966లో ఆ ముక్కను బ్రతికించిన కారణము నేటికిని చావలేదు. పైగా ఆ మార్గమునకు జీవధార ఓడలు. ఓడలకు ఎంతో కొంత జీవధార ఆ మార్గము. ఒకదాని ఖాతాను వేరుచేసి నష్టమని తీర్మానించుట, చేతిని కొలిచి దేహము బరువు చెప్పుటకంటె సత్యమునకు దగ్గర కాదు.

ఈ సందర్భములోనే తీరని లోటు కనబడుచున్నది. బండ్లు వచ్చినవి, లూపు వచ్చినది. కాని ఓడలు మరియొక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్నవి. ఓడలవారు తమ వేళలను తమ ఖర్చులు చూచుకొని మార్చుకొందురు. రైలువారు తమ పట్టిక తాము వ్రాసికొందురు. రెంటిని ఒకచోట కూర్చుండబెట్టు అధికారము కలవాడు ఎవ్వడును లేడు. వంతెన సయితము పాతబడినది. దాని మరమ్మతుకై 2022 శరత్కాలము మొదలు మరుసటి వేసవి వరకు రైలు వంతెనపైకి పోలేదు. కొత్తబండ్లు వచ్చి ఏడాది గడువక మునుపే మార్గము మరల తన తలను కోలుపోయినది. బండ్ల పనిని, పట్టాల పనిని, వంతెన పనిని ఒకే పెద్ద పథకముగా ఆలోచించియుండినచో, 2021లో మూసిన పది నెలలలోనే వంతెన పని కొంతైనను ముగియుటకు వీలుండెడిదేమో. వెంట్నర్ వరకు, న్యూపోర్ట్ వరకు మార్గమును పునరుద్ధరింపవలెనని 2020లో ప్రభుత్వ సహాయముతో ఒక అధ్యయనము మొదలుపెట్టిరి గాని, అట్టి పథకములకు మూలమైన పునరుద్ధరణ నిధినే 2024లో రద్దు చేసిరి. పొడిగింపు ఆశ ప్రస్తుతమునకు అడుగంటినది.

2025 మే 25వ తేదీన సౌత్ వెస్టర్న్ రైల్వే ప్రభుత్వ యాజమాన్యము క్రిందికి వచ్చినది. దానితో ఈ చిన్న మార్గపు బండ్ల భారము నేరుగా ప్రభుత్వముపై పడినది. ప్రైవేటు కంపెనీ గడువు ముగియుచున్నదని, తరువాతివాడు చూచుకొనునని చెప్పుటకు ఇక వీలు లేదు. డీ78 పెట్టెల శరీరమునకు ఇప్పటికే నలువదియైదేండ్లు. ఇవి 1938 నాటి వానివలె ఎనభై దాటువరకు నడుచునని నమ్మి కూర్చుండిన, మరల ఒకనాడు ఒక్క జతతో మార్గమును ఈడ్చవలసివచ్చును. మూడవ పట్టా పద్ధతి ఉండవలెనా, బ్యాటరీతో నడుచు తేలిక బండ్లు రావలెనా, సొరంగపు నేలను తిరిగి దింపి నీటిని వేరుదారిన మళ్ళించుట సాధ్యమగునా అన్న పరిశోధన ఇప్పుడే, బండ్లు చక్కగా నడుచుచున్న ఈ కాలముననే, ఆరంభింపవలెను. సొరంగపు ఎత్తు మారినచో దీవి, లండను పారవేయువానికై ఎదురుచూడనక్కఱలేక, ఎక్కడి బండినైనను ఎన్నుకొనగలదు.

అంతకంటె ముందు చేయదగిన పని, ధనము అంతగా అక్కఱలేనిది, ఇంకొకటి కలదు. రైలు వేళలను, ఓడ వేళలను నిర్ణయించువారు ఏడాదికి రెండుసార్లు రైడ్ పట్టణములోనే సమావేశమై, దీవి స్థానిక సభ ప్రతినిధుల యెదుట రెండు పట్టికలను ఒక కాగితముపై వ్రాయవలెనని ప్రభుత్వము శాసింపవలెను. ఓడ ఆలస్యమైనప్పుడు చివరి బండి ఎంతసేపు ఆగవలెనో ఆ కాగితముపైననే ఉండవలెను. ఓడ కంపెనీ ఇందుకు ఒప్పుకొననిచో, దీవికి ప్రాణాధారమైన సేవకు కనీస నియమములు విధించు చట్టము చేయుటకు పార్లమెంటు సందేహింపరాదు.